గ్రహశాస్త్రంలో అవకాశాలు: ముందు ఏ తలుపు తట్టాలి?

ప్రశ్న: జియాలజీలో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీలో చేరాను. ఇది రెండో ఏడాది. రిమోట్ సెన్సింగ్ మీద పని చేస్తున్నాను గానీ మనసంతా చంద్రుడు, అంగారకుడి మీదే ఉంది. మా గైడ్‌గారికి ఆ రంగంతో పరిచయం లేదు. "చేస్తానంటే అడ్డు చెప్పను" అన్నారు. ఫెలోషిప్‌లు, ఇంటర్న్‌షిప్‌లు, సదస్సులు, కొత్త మిషన్లు... ఎక్కడ ఏ ప్రకటన కనిపించినా దాచుకుంటున్నాను. ఫోల్డర్ నిండిపోయింది, ఒక్కదానికీ అప్లై చేయలేదు. సగం వాటికి నాకు అర్హత ఉందో లేదో కూడా తెలియదు. మరోపక్క ఈ మిషన్ వాయిదా, ఆ మిషన్ రద్దు అనే వార్తలు చూస్తుంటే టెన్షన్. పెద్ద అంతరిక్ష సంస్థల్లో లేనివాళ్లకి ఈ రంగంలో నిజంగా చోటుందా?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: చోటుంది. అనుమానం అక్కర్లేదు. కానీ ఆ చోటు మీరు దాచుకున్న ఫోల్డర్‌లో దొరకదు. కొన్నాళ్లు దాన్ని తెరవకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చంద్రుడంటే ఇష్టమన్నారు, అంగారకుడంటే ఇష్టమన్నారు. అక్కడ ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మాత్రం ఎక్కడా రాయలేదు. ఏ ఫెలోషిప్ దరఖాస్తు తీసుకున్నా మొదట అడిగేది అదే. దానికి జవాబు లేకపోవడం వల్లే ఒక్కదానికీ అప్లై చేయలేకపోయారు తప్ప బద్ధకం వల్ల కాదు. ప్రశ్న దగ్గర ఉంటే వందల ప్రకటనల్లో మీకు పనికొచ్చే నాలుగు వాటంతటవే పైకి తేలతాయి. మిగతావి చూసి ఆయాసపడనక్కర్లేదు.

"ప్రశ్న సరే, డేటా ఎవరిస్తారు?" అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మిషన్ బృందంలో ఉన్నవాళ్లకే డేటా దక్కుతుందని అనుకుంటారు. వాళ్లకి ముందుగా దక్కేమాట నిజమే, అదీ సాధారణంగా కొన్ని నెలలే. ఆ తర్వాత అంతా ఆర్కైవ్‌లోకి చేరుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. నాసాకి ప్లానెటరీ డేటా సిస్టమ్ ఉంది, అందరూ పీడీఎస్ అంటారు. యూరప్ అంతరిక్ష సంస్థకి ప్లానెటరీ సైన్స్ ఆర్కైవ్, జపాన్‌కి డార్ట్స్ ఉన్నాయి. చంద్రయాన్ డేటా ఇస్రో వాళ్ల ప్రదాన్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకుంటే వస్తుంది. చంద్రయాన్-2లోని హై రిజల్యూషన్ కెమెరా చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 25 సెంటీమీటర్లు. ఒక మోస్తరు బండరాయి కనిపిస్తుందన్నమాట. వీటిలో దేనికీ పైసా కట్టనక్కర్లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

పాత డేటా అంటే పిండేసిన చెరుకు పిప్పి అనుకోకండి. నాసా వాళ్ల మెజెలాన్ నౌక శుక్రుణ్ణి రాడార్‌తో చిత్రించింది 1990 దశకం మొదట్లో. ఆ చిత్రాలు దశాబ్దాలుగా అందరి కళ్లముందే ఉన్నాయి. 2023లో అలాస్కా యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ హెరిక్, నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లోని స్కాట్ హెన్‌స్లీ వాటిలోంచి ఒక సంగతి బయటపెట్టారు. మాట్ మాన్స్ అనే అగ్నిపర్వతం దగ్గర ఒక బిలం 1991 ఫిబ్రవరిలో సుమారు 2.2 చదరపు కిలోమీటర్లు ఉంటే, అదే ఏడాది అక్టోబరు నాటికి దాదాపు 4 చదరపు కిలోమీటర్లకి పెరిగి, ఆకారం కూడా మారిపోయింది. శుక్రుడి మీద అగ్నిపర్వతాలు ఇంకా చల్లారలేదనడానికి అది గట్టి ఆధారమైంది. మరి ముప్పై ఏళ్లపాటు ఎవరికీ ఎందుకు దొరకలేదు? మొదటి విడతలో మెజెలాన్ ఒక పక్క నుంచి చూసింది, రెండో విడతలో ఎదుటి పక్క నుంచి చూసింది. ఒకే కొండ రెండు చిత్రాల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. కంప్యూటర్‌కి అప్పజెప్పి ఊరుకుంటే తేలే పని కాదు, మనిషే కూర్చుని పోల్చి చూడాలి. హెరిక్ చేసింది అదే. మరుసటి ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు అదే మెజెలాన్ డేటాలో మరో రెండు చోట్ల కొత్త లావా ప్రవాహాల ఆనవాళ్లు పట్టుకున్నారు.

చంద్రయాన్-1 సంగతీ అంతే. 2008 అక్టోబరులో బయల్దేరి, 2009 ఆగస్టులో సంబంధాలు తెగిపోయిన నౌక అది. పనిచేసింది పట్టుమని పది నెలలు. దానిలో నాసా అమర్చిన ఖనిజ పటాల పరికరం పంపిన డేటాలోంచే 2018లో చంద్రుడి ధ్రువాల దగ్గర, ఎండ పడని గోతుల్లో ఉపరితలం మీదే మంచు ఉందని తేల్చారు. నౌక మూగబోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఇక మీ విషయానికి వద్దాం. మీరు జియాలజీ చదివారు కాబట్టి ఏది దేన్ని కోసుకుంటూ పోయిందో అదే వయసులో చిన్నదనే సూత్రం మీకు నోటికొచ్చు. చంద్రుడి మీద కూడా అది అలాగే పనిచేస్తుంది. చంద్రుడు లోపల చల్లబడి కుంచించుకుపోతున్నాడు, అందువల్ల పైపొర ఒత్తుకుని చిన్న చిన్న గట్లు లేచాయి. ఒక గట్టు ఒక చిన్న బిలాన్ని కోసుకుంటూ పోయిందనుకోండి, గట్టు ఆ బిలం కంటే తర్వాతిది. చిన్న బిలాలు ఉల్కల తాకిడికి త్వరగా అరిగి చెరిగిపోతాయి. ఇంకా పదునుగా ఉన్న చిన్న బిలాన్ని గట్టు కోసిందంటే, ఆ గట్టు భౌగోళిక లెక్కల్లో నిన్నా మొన్నా పుట్టినట్టే. ఒక చిన్న ప్రాంతం తీసుకుని అలాంటి గట్లు ఎన్ని, ఏ దిక్కుగా ఉన్నాయి, ఏ ఏ బిలాలని కోశాయి అని పటం గీయడం ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఒంటరిగా చేయగలిగిన పని. ఇదే చేయమని కాదు. ప్రశ్న ఈ సైజులో ఉండాలని చెబుతున్నాను. "చంద్రుడి పరిణామం" అన్నది ప్రశ్న కాదు, పుస్తకం పేరు.

పనిలో దిగితే మొదటి వారం ఎలా గడుస్తుందో కూడా చెబుతాను, లేకపోతే అక్కడే నిరుత్సాహపడతారు. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ల్యూనార్ రికానిసెన్స్ ఆర్బిటర్‌లోని నారో యాంగిల్ కెమెరా చిత్రం ఒకటి దింపుకుంటారు. తెరిస్తే బూడిదరంగు పొడవాటి పట్టీ. ఉత్తరం ఎటో, కొలత ఎంతో ఏమీ తెలియదు. అమెరికా జియలాజికల్ సర్వే ఉచితంగా ఇచ్చే ఐసిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ముందు చదివించాలి. ఆ క్షణాన నౌక ఎక్కడుంది, కెమెరా ఎటు చూస్తోంది అనే సమాచారాన్ని స్పైస్ ఫైళ్లలోంచి చిత్రానికి జోడించాలి. తర్వాత క్యాలిబ్రేషన్, ఆ తర్వాత పటం మీదికి ఎక్కించడం. అప్పుడుగానీ అది క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తన చోట కూర్చోదు. నాలుగు కమాండ్ల పనే గానీ, మొదటిసారి ఏదో ఒక ఫైలు లేదని మొరాయిస్తుంది. అందరికీ మొరాయిస్తుంది.

ఇంకొకటి. చిత్రంతో వచ్చే వివరాల్లో ఇన్సిడెన్స్ యాంగిల్ అని, అంటే ఎండ నిట్టనిలువు నుంచి ఎంత వాలి పడుతోందో చెప్పే కోణం ఉంటుంది, దాన్ని చూడకుండా ముందుకు పోవద్దు. అది తక్కువగా ఉంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నట్టు. అప్పుడు నేల రంగు తేడాలు బాగా తెలుస్తాయి, ఎత్తుపల్లాలు మాయమవుతాయి. 70, 80 డిగ్రీలు ఉంటే ఏటవాలు ఎండ, పొడవాటి నీడలు, చిన్న గట్టు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే చోటి రెండు చిత్రాలు రెండు కోణాల్లో తీసినవైతే, మారింది నేల కాదు, వెలుతురు. కొత్తవాళ్లు "మార్పు కనిపెట్టాం" అని తెచ్చే వాటిలో చాలావరకు ఇలాగే నీరుగారిపోతాయి.

అర్హతల గొడవ చూద్దాం. ప్రకటన చదివేటప్పుడు చాలామంది మొదటి పేరా నుంచి మొదలుపెట్టి ఊహల్లోకి వెళ్లిపోతారు. మీరు ముందు మూడే చూడండి: ఏ సంస్థలో ఉన్నవాళ్లు అప్లై చేయొచ్చు, పౌరసత్వం అడ్డొస్తుందా, డబ్బు ఎవరు పెడతారు. ఇవి మూడూ వేర్వేరు సంగతులు, జనం కలిపేస్తారు. ఉదాహరణకి నాసా పరిశోధన గ్రాంట్లకి ఏటా రోజెస్ అనే ఒకే పెద్ద ప్రకటన వస్తుంది. చంద్రుడి డేటా విశ్లేషణకి, అంగారకుడి డేటా విశ్లేషణకి, ఇంకా ఎన్నో అంశాలకి అందులో విడివిడి విభాగాలుంటాయి. అమెరికా బయటి సంస్థల్లో ఉన్నవాళ్లు అందులో పాల్గొనవచ్చు గానీ నాసా వాళ్లకి డబ్బివ్వదు, ఎవరి ఖర్చు వాళ్ల సంస్థే భరించాలి. కాబట్టి అది మీకు జీతం తెచ్చేది కాదు. అక్కడి పరిశోధకులు ఎవరైనా మిమ్మల్ని తమ ప్రపోజల్లో సహకారిగా చేర్చుకుంటే మాత్రం పనికొస్తుంది. అదే నాసా విద్యార్థులకిచ్చే ఫినెస్ట్ గ్రాంటుకి అమెరికా యూనివర్సిటీలో చదువుతుండాలి, పౌరసత్వం మాత్రం అడగరు. నాసా పోస్ట్ డాక్టోరల్ ప్రోగ్రామ్‌కి విదేశీయులూ అప్లై చేయొచ్చు. దానికి మీ పీహెచ్‌డీ పూర్తి కావస్తుండాలి. పైగా ముందే అక్కడి సలహాదారుతో మాట్లాడుకుని ప్రతిపాదన రాయాలి.

యూరప్ వైపు మేరీ క్యూరీ ఫెలోషిప్‌లకి ఏ దేశం వాళ్లయినా అర్హులే. అక్కడ మెలిక వేరే ఉంది: మీరు వెళ్లదలచుకున్న దేశంలో గడిచిన 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. పోస్ట్‌డాక్‌కైతే, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకైతే, పీహెచ్‌డీ వచ్చి 8 ఏళ్లు దాటకూడదు. జర్మనీలోని గోటింగెన్‌లో మాక్స్ ప్లాంక్ వాళ్ల సౌర కుటుంబ పరిశోధన స్కూల్ ఉంది, అన్ని దేశాల నుంచీ పీహెచ్‌డీ విద్యార్థులని తీసుకుంటుంది. మీరు ఇప్పటికే చేరిపోయారు కాబట్టి అది మీకు కాదు. మీ జూనియర్లకి చెప్పండి.

నాసా ప్రపోజళ్ల గురించి రెండు ముక్కలు, ఎవరితోనైనా కలిసి రాయాల్సొస్తే ఉపయోగపడతాయి. కొన్ని విభాగాల్లో ముందు స్టెప్-1 అని ఓ చిన్న సారాంశం పంపాలి. అది పంపని వాళ్లు అసలు ప్రపోజల్ పంపడానికి లేదు. చాలామంది పెద్ద తేదీ ఒక్కటే క్యాలెండర్‌లో రాసుకుని ఇక్కడ దెబ్బతింటారు. రెండోది, చాలా విభాగాల్లో ఇప్పుడు రాసినవాళ్లెవరో పరిశీలించేవాళ్లకి తెలియకుండా సమీక్ష జరుగుతోంది. "మేము ఇంతకుముందు చూపించినట్టు" అని రాయకూడదు, "గత పరిశోధనలో తేలినట్టు" అనాలి. యూనివర్సిటీ పేరు, ల్యాబ్ పేరు వాక్యాల మధ్యలో దొర్లకూడదు. పేరు లేనివాళ్లకి ఇది మేలే చేస్తుందని నా అభిప్రాయం.

సదస్సుల్లో మీకు ముందు పనికొచ్చేది ఎల్‌పీఎస్‌సీ, అంటే లూనార్ అండ్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్. అపోలో 11 తెచ్చిన రాళ్ల మీద చర్చకి 1970 జనవరిలో హ్యూస్టన్‌లో మొదలైంది. ఇప్పుడు ఏటా మార్చిలో హ్యూస్టన్ దగ్గరి ది వుడ్‌ల్యాండ్స్‌లో జరుగుతుంది. నేను దాన్నే ముందు చెప్పడానికి కారణం రెండు పేజీల అబ్‌స్ట్రాక్ట్, అంటే సదస్సుకి ముందుగా పంపే పని సారాంశం. మిగతా చోట్ల ఒక పేరా రాసి పంపేస్తే చాలు. ఇక్కడ మాత్రం బొమ్మ, పద్ధతి, తొలి ఫలితం అన్నీ ఆ రెండు పేజీల్లో పట్టాలి. పని జరగకుండా రాయలేరు. పాత ఏళ్ల అబ్‌స్ట్రాక్ట్‌లన్నీ ఉచితంగా చదువుకోవచ్చు. మీ ప్రాంతం మీద ఎవరెవరు ఏం చేశారో తెలియాలంటే పేపర్ల కంటే అవే ముందు చెబుతాయి. పేపర్‌గా మారకుండా ఆగిపోయిన ఆలోచనలు కూడా వాటిలో దొరుకుతాయి. అవి ఎందుకు ఆగిపోయాయో ఆలోచించడం మంచి కసరత్తు.

అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీలోని గ్రహశాస్త్ర విభాగం సమావేశాలు, యూరోప్లానెట్ సదస్సు కూడా పెద్దవే. ఉల్కల మీద, రాళ్ల రసాయనం మీద పనిచేసేవాళ్లకి మెటియోరిటికల్ సొసైటీ. అన్నిటికీ వెళ్లాలనుకోవద్దు. విద్యార్థులకి ప్రయాణ గ్రాంట్లు ఉంటాయి గానీ, వాటి గడువు ఒక్కోసారి అబ్‌స్ట్రాక్ట్ గడువుకి దగ్గర్లోనే ముగుస్తుంది. రెండూ పక్కపక్కన రాసుకోండి.

మీ గైడ్‌గారి సంగతి. అడ్డు చెప్పని గైడ్ దొరకడం చిన్న విషయం కాదు. మీకు కావలసింది పక్కన ఇంకో మనిషి, ఈ డేటా తెలిసినవాళ్లు. వాళ్లని ఎలా పట్టుకోవాలి? "నాకు గ్రహశాస్త్రమంటే చిన్నప్పటి నుంచి ప్రాణం, మీ దగ్గర అవకాశం ఇవ్వగలరు" అని మొదలయ్యే మెయిళ్లు వాళ్లకి రోజూ వస్తాయి, జవాబు వెళ్లదు. మీ మెయిల్ ఇలా ఉండాలి: "మీ పేపర్ మూడో పటంలో గట్టు ఉత్తరం కొస చిన్న బిలం దగ్గర ఆగిపోయినట్టు గీశారు. నేను చూసిన రెండు చిత్రాల్లో అది బిలాన్ని దాటి వెళ్తున్నట్టుంది. చిత్రాల నంబర్లు ఇవి, ఎండ కోణాలు ఇవి. నేను నీడని చూసి గట్టు అనుకుంటున్నానా?" ఇంతే. బయోడేటా జోడించకండి. ఇలాంటి ప్రశ్నకి జవాబివ్వకుండా ఉండటం ఆ రంగంలో ఉన్నవాళ్లకి కష్టం. రెండు మూడు వారాల్లో ఏమీ రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.

వాయిదాల వార్తలకి భయపడుతున్నారు. భయపడాల్సిన విషయమే, కాకపోతే వేరే కారణంగా. యూరప్ వాళ్ల రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవర్ ముందు 2018లో అంగారకుడికి వెళ్లాల్సింది. అది 2020 అయింది, 2022 అయింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక 2028కి పోయింది. చంద్రుడి మీద నీటిమంచు వెతకాల్సిన వైపర్ రోవర్‌ని దాదాపు తయారయ్యాక నాసా 2024లో రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది, మరుసటి ఏడాది వేరే ల్యాండర్‌తో పంపుతామంది. ఇంకా ఎగరని నౌక మీద థీసిస్ కట్టుకుంటే మీ పీహెచ్‌డీ గడువు వాళ్ల బడ్జెట్ చేతుల్లోకి పోతుంది. థీసిస్‌కి ఆర్కైవ్‌లో ఉన్న డేటానే నమ్ముకోండి. కొత్త మిషన్లని ఆ తర్వాతి అడుగు కోసం చూడండి.

అలా చూస్తే ఇప్పటికే దారిలో ఉన్నవే లెక్కలోకి వస్తాయి. గురుగ్రహపు చందమామ యూరోపాని చూడబోయే నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబరులో బయల్దేరింది, 2030 ఏప్రిల్లో గురుగ్రహం చేరాలి. యూరప్ వాళ్ల జ్యూస్ నౌక 2031 జులైలో అక్కడికే చేరాలి. నాసా సైకీ నౌక 2029లో అదే పేరున్న గ్రహశకలం దగ్గరికి వెళ్లాలి. మీరు పీహెచ్‌డీ ముగించి ఒకటి రెండేళ్లు ఎక్కడైనా పనిచేసేసరికి ఈ నౌకలు గమ్యాలకి చేరువలో ఉంటాయి. మిషన్లు కొత్త శాస్త్రవేత్తలని బృందంలోకి పిలిచేది తరచుగా అలాంటి సమయంలోనే. చంద్రుడి గట్ల మీద మంచి పని చేసిన మనిషికి యూరోపా మంచు పొర మీది గట్లు పూర్తిగా పరాయివి కావు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ గ్రహశకలం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది, కొన్ని ఉపగ్రహాల కంటే దగ్గరగా. టెలిస్కోప్ వైపు ఆసక్తి ఉన్న మీ స్నేహితులెవరైనా ఉంటే వాళ్లకి అది పండగ.

రాళ్ల మీద ప్రయోగశాలలో పనిచేయాలని ఎప్పుడైనా అనిపిస్తే, ఆ దారీ మూసుకుపోలేదు. జపాన్ నౌక హయబుసా-2 రియూగు అనే గ్రహశకలం నుంచి తెచ్చింది 5.4 గ్రాములే. దాన్ని కూడా జపాన్ వాళ్లు అన్ని దేశాల పరిశోధకుల నుంచీ ప్రతిపాదనలు పిలిచి పంచుతున్నారు. అంటార్కిటికాలో అమెరికా బృందాలు 1976 నుంచి ఏరిన ఉల్కల ముక్కలు అడిగిన పరిశోధకులకి అరువిస్తారు. దానికి మీ దగ్గర పరికరం ఉండాలి, ముక్కతో ఏం చేస్తారో స్పష్టంగా రాయాలి. మళ్లీ ప్రశ్న దగ్గరికే వచ్చాం చూడండి.

ఇప్పుడు తేదీలు. ఎల్‌పీఎస్‌సీ అబ్‌స్ట్రాక్ట్ గడువు మామూలుగా జనవరి మొదట్లో ఉంటుంది. డిసెంబరంతా రాయడానికి, గైడ్‌గారికి చూపించడానికి పోతుంది. అంటే నవంబరు ఆఖరికి ఒక్క బొమ్మ చేతిలో ఉండాలి: మీ ప్రాంతం పటం, గట్లు ఎర్ర గీతల్లో, కోసిన బిలాలు గుండ్రంగా చుట్టి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుని, ఈ వారం ప్రాంతం ఎంచుకోండి. అక్షాంశ రేఖాంశాల్లో ఒకటి రెండు డిగ్రీలు చాలు, ఏటవాలు ఎండలో తీసిన చిత్రాలు కనీసం నాలుగైదు ఉన్న చోటు. ఆ బొమ్మ తయారయ్యాక మళ్లీ రాయండి. అప్పుడు మీ ఫోల్డర్ తెరిచి, అందులో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో కలిసి చూద్దాం.